దొరకత్తి మీది నచ్చత్రం

2022వ సంవత్సరం, ఆడి నెల, అంటే జులై, ఆగస్టుల నడుమ వచ్చే తమిళ నెల. తమిళనాడులోని మా ధర్మపురిలో ఆడి అంటే గాలి. బస్టాండు వెనక సందులో ఉన్న నా పట్టరై రేకులు ఆ నెలంతా గడగడలాడుతూనే ఉంటాయి. పట్టరై అంటే వర్క్‌షాపు. ఇంట్లో తెలుగే మాట్లాడినా మాకు ఇలాంటి మాటలన్నీ తమిళమే. మా అమ్మ హోసూరు వైపు మనిషి, అక్కడి బడిలో తెలుగు చదువుకుంది. ఆమె చెవి మెలిపెట్టి అక్షరాలు నేర్పించింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. తమ్ముడికి కూడా నేర్పబోయింది గానీ వాడు గోడ దూకి పారిపోయాడు.

నా పని పాత కత్తులు బాగుచేయడం. ఈ మాట వినగానే కొడవలి తెచ్చి సాన పట్టమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విసుక్కుంటూనే పట్టి ఇస్తాను. అసలు పని మాత్రం వేరే. తెల్లదొరల కాలంలో సైన్యంలో ఆఫీసర్లు నడుముకు కట్టుకున్న కత్తులు ఇంగ్లండు నుంచి, జర్మనీ నుంచి ఓడల్లో వచ్చేవి. దొరలు వెళ్లిపోతూ కొన్నిటిని వేలం వేశారు, కొన్నిటిని కింద పనిచేసినవాళ్లకు ఇచ్చిపోయారు. అవి ఇప్పటికీ అటకల మీద, దేవుడి గదుల్లో, పాత ఇనుము అంగళ్లలో బయటపడుతుంటాయి. మా నాయన తాళాలు, తక్కెడలు బాగుచేసేవాడు. ఒక పాత బంగళా సామాను వేలంలో తుక్కు పెట్టె ఒకటి కొన్నాడు, దాని అడుగున ఒక కత్తి దొరికింది. నాయన దాన్ని కరిగించేద్దామన్నాడు, నేను ఇవ్వలేదు. ఆ పిచ్చి ఇంకా వదలలేదు. నావి కొన్ని గోడకు వేలాడుతుంటాయి. బెంగళూరులో, చెన్నైలో నాలాంటి పిచ్చివాళ్లు తమవి నాకు పంపుతుంటారు.

ఈ పనిలో మొదటి పాఠం ఒక్కటే. తోమొద్దు. ఏండ్ల తరబడి ఉక్కు మీద కమ్ముకున్న నల్లటి, గోధుమరంగు పొరను పాటినా అంటారు. సేకరించేవాళ్లకు అది ప్రాణం. ఎర్ర తుప్పును మాత్రం నూనెతో, మెత్తటి గుడ్డతో ఓపికగా తీయాలి, పాటినాను ముట్టకూడదు. మనవాళ్లకేమో పాతది కనబడితే చేతులు ఊరుకోవు. చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఏది దొరికితే దాంతో తళతళలాడేదాకా తోముతారు. ఈ విషయంలో నేను మనుషులతో పడిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. నాకు ముక్కు మీదే కోపం అని మా ఆవిడ అంటుంది, అబద్ధం కాదు.

ఆ ఆడి నెలలో ఒక మధ్యాహ్నం దగ్గరలోని ఇండూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చంకలో చుట్టిన చాప. పేరు మంజుల అని చెప్పింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కూర్చోమంటే కూర్చోలేదు, నీళ్లిస్తే తాగలేదు. నిలబడే అడిగింది.

"అన్నా, మీరు నచ్చత్రం వేస్తారంట గదా?"

బండికి అంటించే స్టిక్కర్ల సంగతి అనుకున్నాను. పక్క సందులో వేస్తారు వెళ్లమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి చాప విప్పింది.

 లోపల ఉన్నది విక్టోరియా రాణి కాలం నాటి ఆఫీసర్ కత్తి. చేతికి అడ్డుగా ఇత్తడి చట్రంలా అల్లిన పిడికాపు, అందులో కిరీటం కింద V, R అని రాణిగారి అక్షరాలు, అంటే విక్టోరియా రెజీనా. మా పనిలో దీన్ని గోతిక్ హిల్ట్ అంటారు, చర్చి కిటికీల ఆకారం ఉంటుంది కాబట్టి. ఇలాంటిది చేతిలోకి రావాలని ఎన్నేళ్లుగానో ఆశపడ్డాను. తీరా వచ్చేసరికి దాని బ్లేడు కొత్త స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లెంలా ధగధగ మెరుస్తోంది. వంగి చూస్తే నా మొహం నాకే కనబడింది. బ్లేడు పొడుగునా ఉండాల్సిన తీగలు, పువ్వులు ఏమీ మిగల్లేదు.

ఎవరు చేశారీ పని అని అరిచాను. ఆమె తల దించుకుని, నేనే అంది. స్టూలు ఆమె వైపు జరిపాను.

కూర్చోబెట్టి అడిగితే సంగతి మెల్లగా బయటికి వచ్చింది. మంజుల పుట్టింటివాళ్లూ మావాళ్లలాగే తెలుగు మాట్లాడేవాళ్లే, నల్లంపల్లి దగ్గర ఉంటారు. తండ్రి మేస్త్రీల కింద కూలి, తల్లి ఇసుక మోస్తుంది, ఈమె కూడా పెళ్లికి ముందు మోసింది. మొగుడు శంకర్ లారీ డ్రైవరు. ఇండూరులో భూమీ పుట్రా ఉన్న నాయుళ్ల ఇంటి పిల్లవాడు. ఇష్టపడి చేసుకున్నారు. అత్త కుప్పమ్మ రెండేళ్లు గడప తొక్కనివ్వలేదు.

ఆ ఇంట్లో ఈ కత్తిని దొరకత్తి అంటారు. శంకర్ ముత్తాత వెంకట్రామ నాయుడు రోడ్లు కొలిచే ఒక తెల్లదొర దగ్గర గొలుసు పట్టే పని చేశాడట. దొర వెళ్లిపోతూ ఆయన చేతిలో పెట్టిపోయాడట. V, R అంటే వెంకట్రాముడు అని, దొరే ప్రేమగా చెక్కించాడని ఇంటిల్లిపాదీ నమ్మకం. పిడికి చుట్టిన గరుకు తోలు సొరచేపది. ఆ కత్తి ఉండేది మురుగన్, అదే సుబ్రహ్మణ్యస్వామి, పటం కింద; అది చేపతోలని ఆ ఇంట్లో తెలియదు. ఈ రెండు సంగతుల్లోనూ నేను నోరు మూసుకున్నాను.

అసలు విషయం నచ్చత్రం. పిడికి కాస్త పైన, బ్లేడు మొదట్లో, ఒకదాని మీద ఒకటి బోర్లించిన రెండు త్రికోణాలు చెక్కి ఉండేవి. ఆరు కోణాలు. నడుమ సెనగబద్దంత ఇత్తడి చుక్క. ఆరు కోణాల చక్రం మా వైపు ఎవరు చూసినా మురుగన్‌దే అంటారు. కాబట్టి దొర ఇచ్చిన కత్తిలోకి సామే వచ్చి కూర్చున్నాడని వాళ్లు ఎప్పటినుంచో పూజ చేస్తున్నారు. ఏటా మురుగన్ పండుగ ఆడి కృత్తిక నాడు కుప్పమ్మ దాన్ని తోమి, నచ్చత్రం మీద బొటనవేలితో గంధం పెడుతుంది. ఇంట్లో ఎవరి మధ్యనైనా మాట తేడా వస్తే ఆ నచ్చత్రం మీద బొటనవేలు పెట్టి సత్తియం చేయాలి. అక్కడ వేలు పెట్టి అబద్ధమాడినవాళ్లు ఆ ఇంట్లో లేరట.

పెళ్లయిన మూడో ఏడు కృత్తిక నాడు అత్త కోడలిని పిలిపించింది. వేలు పట్టి నచ్చత్రం మీద పెట్టించింది. ఈ ఇంట్లో అబద్ధం చెప్పనని సత్తియం చేయించుకుని అన్నం పెట్టింది. మంజులకు అత్తవారిల్లు దొరికింది ఆ వేలిముద్రతోనే.

ఈ ఏడు కుప్పమ్మకు చేతులు నొప్పి, చూపు కూడా మందగించింది. కత్తి నల్లబడిపోయింది, తోమే శక్తి లేదు అని రెండుమూడు సార్లు గొణిగింది. అత్త సంతోషపడుతుందని, ఆమె బంధువులింటికి పోయిన రోజు చూసి, మంజుల దాన్ని రోడ్డు మీద గ్రిల్లులు చేసే అంగడికి తీసుకుపోయింది. అతను బఫింగ్ చక్రం పెట్టి నిమిషాల్లో అద్దంలా చేసి ఇచ్చాడు. ఆనందంగా ఇంటికి తెచ్చి చూసుకుంటే నచ్చత్రం లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. పాత చీర చుట్టి పటం కింద పెట్టేసింది. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు.

"అత్త అడిగితే నేను అబద్ధం చెప్పలేను అన్నా. సత్తియం చేసినాను. ఆమె అడగకముందే నచ్చత్రం వచ్చేయాల," అంది.

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం, అబద్ధం ఆడకుండా ఉండటానికే ఇంత తిప్పలు పడుతోంది.

ఇక్కడ నా చిక్కు చెప్పాలి. ఆ నచ్చత్రాన్ని మా పనిలో ప్రూఫ్ మార్క్ అంటారు, నడుమ ఇత్తడి చుక్కను ప్రూఫ్ స్లగ్ అంటారు. కత్తి తయారైన తర్వాత బ్లేడును విల్లులా వంచుతారు, దుంగ మీద బలంగా కొడతారు. వంకర నిలిచినా, పగులు వచ్చినా పక్కన పడేస్తారు. తట్టుకున్నదానికే ఈ గుర్తు పడుతుంది. పరీక్ష చేశాం, నిలిచింది అని అర్థం. నచ్చత్రాన్ని చెక్కేది ఉలితో కాదు, యాసిడ్‌తో. దాన్ని ఎచింగ్ అంటారు. బ్లేడుకు లక్కలాంటి పూత పూసి, గీతలున్న చోట మాత్రం పూత తీసి, యాసిడ్ తగిలిస్తే ఉక్కు కొంచెం కొరుక్కుపోతుంది. గోటి మందం కూడా ఉండదు. అందుకే బఫింగ్ చక్రానికి అంత సులువుగా పోయింది.

పోయిన గుర్తును మళ్లీ వేయడం మా పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. దాన్ని దొంగముద్ర అంటాం. ఉత్త ఇనుప బద్దకు నచ్చత్రం వేసి అసలుదని అంటగట్టేవాళ్లను నేను చూశాను. వాళ్లతో మాట కూడా కలపను. ఈ చేత్తో ఒక్క గుర్తు కూడా వేయలేదని నాకు కొంచెం గర్వం ఉంది. ఇదంతా మంజులకు వివరంగా చెప్పాను. ఆమె ఓపికగా విని అడిగింది.

"మీ నియమం మీకు గొప్పదే అన్నా. మా అత్తకు నేనేం చెప్పేది?"

 కత్తిని ఉంచి వెళ్లమన్నాను. చూస్తానన్నాను గానీ చేస్తానని అనలేదు. ఆమె మాత్రం చేస్తాననే విని వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున కత్తిని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూశాను. బ్లేడు పిడిలోకి దిగే చోట ఒక తోలు బిళ్ల ఉంటుంది. దాన్ని కాస్త కిందికి జరిపితే, చక్రం అందని ఆ సందులో, నచ్చత్రం కోణం ఒకటి మిగిలి ఉంది. ఆరింటిలో ఒక్కటి. దాని పైన ఇత్తడి చుక్క కూడా ఉంది. అరిగి బ్లేడుతో సమానమైపోయింది, రంగు తేడాను బట్టి తెలుస్తుంది.

ఒక్క కోణం ఉంటే చాలు, కొలత దొరికినట్టే. మిగతా ఐదూ గీయడం నాకు కాఫీ తాగినంత పని. కాగితం మీద గీశాను కూడా. కాగితం కత్తిరించి అచ్చు తయారుచేశాను, యాసిడ్ సీసా తీసి బల్ల మీద పెట్టుకున్నాను. మళ్లీ లోపల పెట్టేశాను. వేస్తే నా చేతికి మచ్చ. అంతకన్నా ముఖ్యంగా, ఆ నచ్చత్రం మీద వేలు పెట్టి ఆ ఇంట్లో ఇకమీదట చేసే ప్రతి సత్తియమూ నా దొంగముద్ర మీదే పడుతుంది. వేయకపోతే ఆ పిల్ల మళ్లీ గడప బయట నిలబడుతుందేమో. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. ఆ రోజు మా ఆవిడ ఏదో అడిగితే ఊరికే కసురుకున్నాను.

కృత్తిక ఇంకా రాకముందే, ఒక పొద్దున పట్టరై ముందు షేర్ ఆటో ఆగింది. ముందు ఒక చేతికర్ర దిగింది, దాని వెనక ఒక ముసలామె. తెల్లటి జుట్టు ముడి, పచ్చటి నూలు చీర. కళ్లు ఇరుకు చేసుకుని చూస్తోంది. ఆమె వెనక మంజుల, మొహంలో నెత్తురు చుక్క లేదు. చెప్పక్కర్లేదు, కుప్పమ్మ అని తెలిసిపోయింది.

బల్ల మీద చేత్తో తడుముకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. కత్తి ఏదని అడిగింది. తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. ఆమె బొటనవేలు వెతుక్కోకుండా నేరుగా పోయి ఆ ఇత్తడి చుక్క మీద ఆగింది.

"నచ్చత్రం వేసినావా నాయినా?"

లేదన్నాను. ఎందుకు వేయలేదని అడిగింది. ఇక దాచి లాభం లేదనిపించింది. అది మురుగన్ చక్రం కాదు అవ్వా అని మొదలుపెట్టాను. చెప్తున్నంతసేపూ నాకే భయంగా ఉంది, ఆమె ఎన్నో ఏండ్ల నమ్మకాన్ని నేను ఒక్క మాటతో కూలుస్తున్నానని. వంచడం, దుంగ మీద కొట్టడం, నిలిచినవాటికి గుర్తు వేయడం, అంతా చెప్పాను. కిరీటం కింది అక్షరాల జోలికి మాత్రం పోలేదు. ఒక రోజుకు అంత చాలు.

 అంతా అయ్యాక కుప్పమ్మ నిదానంగా అడిగింది.

"అంటే ముందు కొట్టి, తరువాత గుర్తు పెట్టినారు. అంతే గదా?"

అంతే అన్నాను.

"అట్లయితే గుర్తు పోయినా, దెబ్బలు తిన్నది తిన్నదే గదా నాయినా. అది ఎట్లా పోతుంది?"

ఇన్నేళ్లుగా ప్రూఫ్ మార్కుల గురించి సేకర్తలకు పాఠాలు చెప్తున్నాను. ఈ మాట నాకు ఒక్కనాడూ తట్టలేదు. 

ఆమె కత్తిని కొంచెం జరుపుకుని మంజులను దగ్గరికి రమ్మంది. అప్పుడు ఆమె చెబితే తెలిసింది, తాను ముందే కనిపెట్టిందని. కత్తి మెరుగు పెట్టించి తెచ్చిన నాటి సాయంకాలమే, బంధువులింటి నుంచి తిరిగొచ్చి దీపం పెట్టేటప్పుడు ఆమె వేలికి తెలిసిపోయింది. చీర చుట్టి ఉన్నా తడిమి చూసుకుంది. కోడలు తనంతట తాను చెబుతుందేమోనని ఎదురుచూసింది. చివరికి కత్తే కనబడకపోయేసరికి మంజులను ఎక్కడని అడిగింది. సత్తియం చేసిన పిల్ల, ధర్మపురిలో కత్తులాయన దగ్గర ఉందని చెప్పేసింది. దాని తరువాత ఒక్క మాట అడగకుండా ఆటో ఎక్కించి తీసుకొచ్చింది. దారి పొడుగునా ఆ పిల్ల ఎన్ని చావులు చచ్చిందో.

నేను తోలు బిళ్లను కిందికి జరిపి ఆ మిగిలిన కోణాన్ని చూపించాను. కుప్పమ్మ ముందు తన బొటనవేలే దాని మీద పెట్టింది.

"నేను ఈ ఇంటికి వచ్చిననాటినుంచి దీన్ని నిమ్మకాయ పెట్టి, బూడిద పెట్టి తోమినాను. ఏటేటా కొంచెం కొంచెం కరిగిపోతానే ఉండె. నాకు నచ్చత్రం తేటగా కనబడి ఎన్నేండ్లయిందో నాకే తెలవదు. సగం అరగదీసింది నేను. ఎవురికీ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు."

వేలు తీసి, మంజుల వేలు పట్టి అక్కడ పెట్టింది.  మంజుల వేలు తీయకుండా అంది.

"మిగతా సగం నేను అత్తా."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోయిందో లేదో నాకు తెలియదు. మంజుల అక్కడే కింద కూర్చుని అత్త మోకాలికి తల ఆనించి భోరున ఏడ్చింది. కుప్పమ్మ ఊరుకోబెట్టలేదు, కసరలేదు, తల మీద చేయి మాత్రం వేసి ఉంచింది. నేను టీ చెప్పే నెపంతో బయటికి వచ్చేశాను. నా కళ్లూ తడిశాయి. గాలికి దుమ్ము పడిందని టీ అంగడివాడితో అన్నాను.

టీ తాగాక నా పని నేను చేశాను. బ్లేడుకు పలచగా నూనె రాసి, తోలు బిళ్లను మెత్తబరిచి, కోణం కనబడేంత కిందికి జరిపి బిగించాను. ఇకమీదట నిమ్మకాయ, బూడిద, బఫింగ్ ఏవీ వద్దు, ఏటా ఒక్క చుక్క కొబ్బరినూనె చాలని ఇద్దరికీ గట్టిగా చెప్పాను. కుప్పమ్మ నవ్వి, ఈయప్ప మా అత్త కంటే ఎక్కువ గదమాయిస్తాడే అని కోడలితో అంది.

సేకరించేవాళ్ల లెక్కలో ఆ కత్తి చచ్చిపోయింది. పాటినా లేదు, ఎచింగ్ లేదు, ప్రూఫ్ మార్కు ఆరోవంతు మిగిలింది. నా గోడకు కూడా దాన్ని తగిలించను, నా సంగతి నాకు తెలుసు. ఆ మాట ఆ ఇంట్లో చెప్పానంటే మాత్రం నన్ను పిచ్చివాడనుకుంటారు. వాళ్లకు దొరకత్తి చెక్కుచెదరలేదు.

కృత్తిక మరునాడు మంజుల డబ్బాలో తేనె కలిపిన కొర్రపిండి ప్రసాదం తెచ్చింది. ఈసారి కూర్చుంది, నీళ్లు కూడా అడిగి తాగింది. అప్పటినుంచి ఎవరైనా కత్తి తెస్తే, అది ఏ కాలంనాటిది అని అడిగేముందు, ఇంట్లో దాన్ని ఎవరు ముట్టుకుంటారు, ఎక్కడ ముట్టుకుంటారు అని అడగడం అలవాటు చేసుకున్నాను. గుర్తు అనేది పరీక్ష చూడనివాళ్ల కోసం. చూసినవాళ్లకు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నేను కత్తిరించిన కాగితం అచ్చు ఇప్పటికీ సొరుగులో ఉంది, ఆ సంగతి మరిచిపోకుండా ఉండటానికి.

పూజ ఎలా జరిగిందని ఆ రోజు మంజులను అడిగాను.

"అత్త ఈ ఏడు నన్నే గంధం పెట్టమనింది అన్నా. చీకటిగా ఉండె, ఎక్కడ పెట్టేది అత్తా అని అడిగినాను. 'నీ వేలికి తెలుసులే' అనింది."

తెలిసిందా అన్నాను. మంజుల తన బొటనవేలు చూపించింది. గంధం ఇంకా అంటుకునే ఉంది.